చింతపండు త్రాసులో పహిల్వాన్

పోలీస్ యాక్షన్ అయిపోయి బడులు మళ్లీ తెరిచిన ఏడాది నేను మెట్రిక్‌లో ఉన్నాను. అంతకు ముందు గొడవల్లో స్కూళ్ల మధ్య కుస్తీ పోటీలు జరగలేదు. స్కూలు తరఫున గోదాలోకి దిగడానికి నాకు మిగిలింది ఆ ఒక్క ఏడాదే. దాని కోసమే మూడేళ్లుగా దండాలు, బస్కీలు తీస్తూ ఒళ్లు హూనం చేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే కాప్రా నుంచి ఒకడు తొమ్మిదో తరగతిలో చేరాడు. పొద్దున్నే సికింద్రాబాద్‌లో వాడుక ఇళ్లకు పాలు పోసి, ఖాళీ క్యాన్లతో స్కూలుకు వచ్చేవాడు. మొదటిరోజే నన్ను వెల్లకిలా పడేశాడు. వాడికంటే బలమున్నవాళ్లు మాలోనే నలుగురున్నారు. కానీ ఎదుటివాడు ఏ కాలు ముందుకు వేస్తాడో ఆ కాలికంటే ముందే వీడికి తెలిసేది. నేను అసూయతో కుళ్లిపోయేవాణ్ణి, అయినా వాడి కుస్తీ మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయేవాణ్ణి.

మా ఇద్దరిదీ ఒకటే బరువు తరగతి, ఉన్నది ఒకటే చోటు. డ్రిల్లు మాస్టారు వాడినే ఎంచారు. వాడి బరువు పరిమితి దాటితే మాత్రం నేను వెళ్లాలన్నారు. మాది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్లూని, వాడి ఒంటికి ఇంకో అరసేరు కండ దయచేయమని భక్తిగా ప్రార్థించాను.

స్కూల్లో బరువు తూచే యంత్రం లేదు. మాస్టారు మమ్మల్ని మోండా మార్కెట్‌లో చింతపండు షావుకారు దగ్గరికి తీసుకెళ్లారు. పెద్ద త్రాసులో ముందు నన్ను తూచారు, సరిపోయాను. ఇంతలో బేరం రావడంతో షావుకారు తట్టలో రెండు గోనెపట్టాలు పరిచి చింతపండు తూచాడు. తర్వాత ఆ పట్టాల మీదే వాణ్ణి కూర్చోబెట్టారు. తట్ట కిందికి దిగిపోయింది. మాస్టారు నా భుజం తట్టి, రేపు నువ్వే అన్నారు.

పట్టాలను నేను ఒక్కణ్ణే గమనించాను. దేవుడు నా మొర విన్నాడని లోపల గంతులేశాను. వాడు చొక్కా తొడుక్కుంటున్నాడు. బరువు తగ్గాలని ముందురోజు నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు, పెదాలు పగిలిపోయాయి. రేపటి ప్రత్యర్థి అవతలి స్కూలువాడు, కుస్తీ నేర్పే ఒక వస్తాదు కొడుకు. అతన్ని అప్పటిదాకా ఎవరూ పడగొట్టలేదు. వీడైతే అతన్ని ఎలా పడగొడతాడో ఇక జన్మలో చూడలేను కదా అనిపించింది. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"సార్, వాడి కింద గోనెపట్టాలున్నాయి."

మళ్లీ తూచారు. సరిగ్గా సరిపోయాడు. దారిలో వాడు సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు.

"అన్నా, ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు కుస్తీ పడుతుంటే చూడాలని," అన్నాను. అది పచ్చి నిజం.

చూశాను. వస్తాదు కొడుకు మెడ మీద చెయ్యి వేసేలోపే వీడు ఆ చేతి కిందికి దూరి, ధోబీ బండ మీద బట్ట కొట్టినట్టు భుజం మీదుగా తిప్పి వేశాడు. నాకు ఒళ్లు పులకరించింది. అరిచి అరిచి గొంతు పోయింది. జనం వాణ్ణి ఎత్తుకుని ఊరేగించారు. నేను గోదా పక్కనే కూర్చుండిపోయాను. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

మైదానం ఖాళీ అయ్యాక వాడు తిరిగొచ్చాడు.

"రా అన్నా, నువ్వు సుత ఒక పట్టు పట్టు."

చొక్కా విప్పి గోదాలోకి దిగాను. అప్పటిదాకా స్కూల్లో వాడు నన్ను పడేసిన ప్రతిసారీ నడుము కింద చెయ్యి పెట్టి, దెబ్బ తగలకుండా మెల్లగా దించేవాడు. ఆ రోజు మాత్రం వస్తాదు కొడుకును విసిరినట్టే, ఉన్న బలమంతా పెట్టి నన్ను విసిరాడు.