నా మాటల్లోంచి కత్తిరించిన తొమ్మిది సెకన్లు

ఎన్నికల ముందు ఒక ఆదివారం పొద్దున, ఇడ్లీ పిండి కలుపుతుంటే ఫోను మోగింది. మా పుట్టింటివాళ్ల వాట్సాప్ గ్రూపులో అన్నయ్య ఒక వీడియో పెట్టాడు. దాని కింద, "జీతం ప్రభుత్వానిది, మాట ఎవరిదో చూడండి. ఇలాంటి టీచర్లా మన పిల్లలకి?" అని రాసి ఉంది. చెయ్యి తుడుచుకుని నొక్కాను. వీడియోలో ఉన్నది నేను.

మా బడి వరండాలో నిలబడి, చెయ్యి ఊపుతూ, "ఎవరికి వేసినా ఒకటే. ఎవరూ ఏమీ చెయ్యరు. ఓటు రోజు ఇంట్లో కూర్చోండి" అంటున్నాను. తొమ్మిది సెకన్లు, అంతే. గొంతు నాదే, చీర నాదే. ఆ మాటలు కూడా నేను అన్నవే.

నేను మైలవరం అవతల ఒక ఊళ్లో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. విజయవాడ నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. ఆ ముందు శుక్రవారం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఊరి ట్యాంకు నీళ్లు నాచు వాసన కొడుతున్నాయని, పిల్లలకి కడుపునొప్పులు వస్తున్నాయని గొడవ మొదలైంది. పదో తరగతి పిల్ల తల్లి ఒకావిడ, మిషను కుట్టి బతుకుతుంది, లేచి నిలబడింది.

"ఓటేస్తే మాత్రం నీళ్లు బాగుపడతాయా టీచర్ గారూ? ఈసారి మా వీధిలో ఎవరం వెళ్లదల్చుకోలేదండీ" అంది.

దానికి నేనన్నది ఇది: "ఎవరికి వెయ్యాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ, ఎవరికి వేసినా ఒకటే, ఎవరూ ఏమీ చెయ్యరు, ఓటు రోజు ఇంట్లో కూర్చోండి అని ఎవరైనా అంటే మాత్రం వినకండి. వెళ్లి వెయ్యండి. వేసి, ఆ తర్వాత నీళ్ల సంగతి గట్టిగా అడగండి."

ముందు మాటలు, వెనక మాటలు కోసేసి, మధ్యది వదిలిపెట్టారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. గుడివాడ దగ్గర మా ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటాడు. నాలుగైదేళ్లుగా వాళ్ల పార్టీ గ్రూపులు చూసుకోవడం అతనికి ఇంకో పని అయిపోయింది.

"అన్నయ్యా, ఇప్పుడు పెట్టిన వీడియో చూశావా?"

"ఎక్కడ చూస్తానే, పొద్దున్నే బోలెడు వచ్చాయి. ఆ రాత కూడా పైనుంచి వచ్చిందే. అలాగే అందరికీ పంపేశాను. ఏం?"

"ఒకసారి చూడు."

అవతల నుంచి నా గొంతు నాకే వినిపించింది.

"నువ్వా?" అన్నాడు. "నీ మొహం చూడలేదే. రాత చదివి పంపేశాను."

"ఎన్ని గ్రూపులకి పంపావు?"

"మా మండలంలో ఉన్న అన్నిటికీ."

అతన్ని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ప్రభుత్వ ఉద్యోగిని. పైగా ఎన్నికల డ్యూటీ పడింది. ఓటు వెయ్యొద్దని ఊరికి చెప్పిన టీచరును ఏం చేస్తారో నాకు తెలుసు. మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు వెళ్లింది. సోమవారం పదకొండింటికి విజయవాడలో ఎన్నికల ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. ఆ సంగతి మా హెడ్మాస్టరు గారే ఫోన్ చేసి చెప్పారు. ఆయన మితభాషి. నన్నే తప్పు పడతారనుకున్నాను.

"మీరన్నది నేను పక్కనే ఉండి విన్నాను మేడమ్. నేనూ వస్తాను, చెబుతాను. కానీ అక్కడ నా మాట కంటే పూర్తి వీడియో బాగా పనిచేస్తుంది. ఎవరు తీశారో తెలుసా?" అన్నారు.

తెలుసు. ప్రశ్న అడిగినావిడే ఫోను ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆవిడకి ఫోన్ చేస్తే ఏడుపొకటే తక్కువ.

"నా వీడియోనే కోశారండీ! మా ఆయన లారీ మీద పోతారు కదా, మీటింగు చూస్తారని తీశాను. ఊరి గ్రూపులో కూడా పెట్టాను. అదే నా పొరపాటు. ఫోను నిండిపోయిందని నిన్ననే తీసేశానండీ."

"గ్రూపులో ఉంటుంది కదమ్మా?"

"అందులో ఒక్కరోజుకే పోయేటట్టు పెట్టారండీ. మా ఆయన ఫోన్లో ఉండాలి. ఒడిశా దారిలో ఉన్నారు, సిగ్నల్ అందట్లేదు. నేను చేస్తూనే ఉంటానండీ, మీరు భయపడకండి."

ఆ రోజు నేను ఏమీ తినలేదు. మా ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తారు. సోమవారం సెలవు పెట్టి నన్ను స్కూటరు మీద తీసుకెళ్లారు. వరండాలో బెంచీ మీద ఒక పక్క హెడ్మాస్టరు గారు, ఒక పక్క నేను. పది నిమిషాలు తక్కువ పదకొండైంది. ఫోను ఒళ్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఏమీ రాలేదు. లోపలికి పిలిచారు.

అధికారి ఫిర్యాదు పైకి చదువుతుండగా ఫోను గుర్రుమంది. వీడియో వచ్చింది. కింద ఒకే ముక్క: "మా ఆయన పంపారు టీచర్ గారూ." "సార్, ఇది చూడండి" అని లేచి ఇచ్చాను. అది తెరుచుకునేలోపు గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్ని ముగ్గురం వంగి చూశాం.

ఆయన మొత్తం చూశారు. వెనక్కి జరిపి మళ్లీ చూశారు. అప్పుడు నవ్వారు.

"మేం ఊరూరా బోర్డులు పెట్టి చెబుతున్నది ఇదే కదమ్మా! ఒక కాపీ నాకు పంపించండి. ఫిర్యాదు ఇక్కడితో మూసేస్తాను. మీరు ఎన్నికల డ్యూటీ ట్రైనింగ్‌కి టైముకి వెళ్లండి."

బయటికొచ్చాం. హెడ్మాస్టరు గారికి నమస్కారం పెట్టబోతే, "రేపు తొమ్మిదో తరగతి మొదటి పీరియడ్ మీదే" అని బస్టాండుకి వెళ్లిపోయారు. గేటు దగ్గర నిలబడ్డ మా ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. "ఏవండీ, ఆకలేస్తోంది" అన్నాను. గవర్నర్‌పేటలో ఒక హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. సరిపోక ఇంకోటి చెప్పాను. అంత రుచిగా తిండి తిని ఎన్నాళ్లయిందో.

అన్నయ్య ఆ సాయంత్రమే పూర్తి వీడియోని తను పంపిన ప్రతి గ్రూపుకీ మళ్లీ పంపాడు. ఈసారి రాత అతనిదే: "ఈమె మా చెల్లెలు. చూడకుండా పంపింది నేను. తప్పు నాది." రెండు గ్రూపుల్లోంచి అతన్ని తీసేశారట. ఆ వారమే ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వేరే ఎవరి చెల్లెలో అయితే నాకు తెలిసేది కూడా కాదు కదే" అన్నాడు. అది నేను అనాలనుకున్న మాట. అతనే అనేశాడు కాబట్టి, అన్నం వడ్డించాను.

మిషను కుట్టే ఆవిడ మాత్రం అక్కడితో ఆగలేదు. ఒక అభ్యర్థి ఫేస్‌బుక్‌లో లైవ్ పెడితే, కింద ట్యాంకు సంగతి రాసింది. ఆయన చదివి, తడబడి, కనుక్కుంటానన్నాడు. మర్నాడు అవతలి అభ్యర్థి లైవ్‌లోనూ అదే రాసింది. వీధిలో ఆడవాళ్లందరూ దాని కింద వరుసగా రాశారు. వారం తిరక్కుండా పంచాయతీవాళ్లు ట్యాంకు కడిగించారు.

"జీపు మీద మైకులో చెప్పేవాళ్లకి మన మాట వినపడదు కదండీ. ఇక్కడైతే చదవక తప్పలేదు" అంది నాతో. తన వీడియోని కోసినవాళ్లెవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ మాత్రం ఫోను పక్కన పడెయ్యలేదు.

పోలింగు నాడు నాకు వేరే మండలంలో డ్యూటీ. ఫోను రోజంతా సంచిలోనే ఉండిపోయింది. మర్నాడు ఇంటికొచ్చి తెరిస్తే, ఆవిడ గొంతుతో ఒక మెసేజీ ఉంది. "మా వీధంతా వెళ్లొచ్చామండీ. రెండు గంటలు నిలబడ్డాం. ఎవరికేశామో మాత్రం మిమ్మల్ని అడగనివ్వం" అని నవ్వుతోంది. వెనక ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు. రెండుసార్లు విని, ఫోను పక్కన పెట్టి, హాయిగా నిద్రపోయాను.