రోస్వీటా కట్టిన పళ్ళు

హాస్లెన్‌బాఖ్‌లో రోస్వీటాకు ఎవరు ఎదురుపడినా ఆమె చూపు ముందు నోటి మీదే పడుతుంది. పలకరింపు తర్వాతి సంగతి. ఊళ్ళో సగం మంది నవ్వు ఆమె చేతిలో తయారైందే మరి. పళ్ళ డాక్టరు పళ్ళు అరగదీసి కొలత పంపితే, ఈమె సుద్ద అచ్చు పోసి, దాని మీద పోయిన పంటి చోటు నింపి పక్క పళ్ళకు తొడిగే పింగాణీ బ్రిడ్జి కూర్చి, కొలిమిలో కాల్చి పంపుతుంది. ఆమె చేసిన బ్రిడ్జి వెనక్కి రావడం ఎవరూ ఎరగరు. ఆ సంగతి ఆమె ఎవర్నీ మరిచిపోనివ్వదు కూడా.

ఈసారి నోరు ఓయిగెన్‌ది. బడిలో ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఊరి బ్యాండులో బాకా ఊదేవాడు. ముందుపన్ను ఒకటి పోతే, డాక్టరు దాని పక్క పళ్ళు రెండూ అరగదీసి, అప్పటికి ప్లాస్టిక్ పళ్ళు తగిలించాడు. రిహార్సల్లో గట్టిగా ఊదేసరికి అవి ఊడి డ్రమ్ము మీద పడ్డాయి. బ్యాండంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఓయిగెన్ నవ్వలేదు. ఆదివారం చర్చి ముందు బ్యాండు వార్షికోత్సవం. భార్య పోయాక అతను జనం ముందు ఒంటరిగా ఊదబోవడం అదే మొదటిసారి.

"ఆదివారానికి పళ్ళు లేకపోతే నేనిక బాకా ముట్టనే," అన్నాడు. "ఈ ఏడు ఎలాగో ధైర్యం తెచ్చుకున్నా. మళ్ళీ వస్తుందో రాదో."

"నోరు మూసుకోరా. కొత్త పళ్ళు వచ్చేదాకా అదే నీకు అందం," అంది రోస్వీటా.

బ్రిడ్జి ముచ్చటగా కుదిరింది. ఆమె మురిసిపోయింది. టపా తెచ్చిన గెర్లిందెకు చూపించింది, రొట్టెల దుకాణం వాళ్ళకు చూపించింది. అచ్చు మీంచి తీయడం, మళ్ళీ పెట్టడం, "ఏమైనా సందు కనిపిస్తోందా?" అని అడగడం.

గురువారం డాక్టర్ ఆల్‌గాయర్ ఫోన్ చేశాడు. "ఇది కూర్చోవడం లేదండీ."

"అచ్చు మీద బుద్ధిగా కూర్చుందే! కొలత మీరే సరిగ్గా తీసి ఉండరు."

"కొలతకేం? మీ కొలిమే కుదించేసి ఉంటుంది."

"మా కొలిమికి అలాంటి అలవాట్లు లేవండీ!" అని ఫోన్ పెట్టేసి, అచ్చు పట్టుకుని సైకిలెక్కింది.

ఓయిగెన్ కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు బ్రిడ్జి లోపల మెత్తటి ముద్ద రాసి పళ్ళ మీద నొక్కి తీశాడు. రెండుచోట్ల ముద్ద నిలవలేదు, పింగాణీ బయటపడింది. పన్ను తగులుతున్నది అక్కడే. రోస్వీటా అచ్చులో అదేచోటు చూసుకుంది. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. ఊరందరికీ చూపించుకున్న ప్రతిసారీ సుద్ద కాస్త కాస్త రాలి, బిగుతుగా ఉన్న బ్రిడ్జికి దారిచ్చింది. ఓయిగెన్ పళ్ళు అలా దారిచ్చేవి కావు.

ఆమె మొహం కందగడ్డయింది. "తప్పు నాదేనండీ. మురిసి మురిసి అచ్చును అరగదీశాను."

"ఈ మాట మీ నోట వింటానని కలలో కూడా అనుకోలేదు," అన్నాడు డాక్టరు పరమానందంగా. "బ్రిడ్జి లోపల రవ్వంత గీరితే?"

"ఇప్పటికే పలచన. బాకా ఊదుతుండగా చిట్లిందంటే వీడు జన్మలో మళ్ళీ ఊదడు. కొత్తది చేస్తాను, కొలత తీయండి."

శుక్రవారం రెండు అచ్చులు పోసింది. ఒకదాని మీద పనంతా చేసింది, రెండోదాన్ని చివరి పరీక్షకని తాకకుండా ఉంచింది. బ్రిడ్జి దాని మీద ఒకే ఒక్కసారి పెట్టింది. కూర్చుంది. ఇంకోసారి పెట్టి చూడాలని వేళ్ళు పీకాయి. చేతులు రెండూ జేబుల్లో దోపుకుంది.

"ఏదీ, చూపించండి," అంది గెర్లిందె.

"చూపించను. వాడి నోట్లోనే చూద్దువుగాని."

శనివారం డాక్టరు సన్నటి ఉక్కు ముల్లును పంటి మీంచి పింగాణీ మీదికి జార్చాడు. ఎక్కడా తట్టుకోలేదు. వెంటనే బ్రిడ్జి అతికించేశాడు.

ఆదివారం ఓయిగెన్ లేచి నిలబడి ఊదాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది, వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. అతను నేరుగా రోస్వీటా దగ్గరికి వచ్చాడు.

"ఎలా ఉందే?"

"ఏమో. గాలి ఎక్కడైనా బుస్సుమంటుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నా. పాట ఒక్క ముక్క చెవికెక్కలేదు."

ఓయిగెన్ కొత్త పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఉత్సవానికి వేసిన బీరు బల్లల మధ్యే నిలబడి, ఆమె కోసం మళ్ళీ మొదటి నుంచి ఊదాడు. ఈసారి రోస్వీటా కళ్ళు మూసుకుని పాట వింది.