బుగ్గ ఎర్రగైతే కేకెయ్యి

ఎర్ర లైటు వెలుగుతూ కనిపిస్తే నాకు ఇప్పటికీ దవడ సలుపుతుంది. ఈ కాలపు ఇళ్ళలో ఎక్కడ చూసినా అవే. టీవీ కింద ఒకటి, ఇన్వర్టర్ మీద ఒకటి, స్విచ్ బోర్డులో ఒకటి. నేను వాటిమీద గుడ్డపీలికలు కప్పుతూ తిరుగుతాను. ఇంట్లోవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, నాకేం పోయింది! అరవై తొమ్మిదిలో దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి వరండాలో వెలిగిన లైటును వాళ్ళు చూడలేదు కదా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చాడు. ఇల్లు పెద్దరోడ్డుకు దగ్గర్లోనే. ముందు రెండు గదులు మావి, వెనక రెండూ ఇంటివాళ్ళవి, వరండా అందరిదీ. ఇంటావిడ పల్లె నుంచి వచ్చి మిషనరీల దవాఖానలో ఆయాగా కుదిరిన క్రైస్తవురాలు. భర్త లేడు. ఒక్కడే కొడుకు, మూసారాంబాగ్‌లో రేడియోలు బాగుచేసే దుకాణంలో పని. ఆమెను అమ్మ పిన్నిగారూ అనేది, నేను అమ్మమ్మా అనేదాన్ని. కొడుకు మా అమ్మను నోరారా అక్కా అని పిలిచేవాడు. కాబట్టి నాకు మామ.

పిలుపులు కలిశాయి కానీ మాటలు కలవడానికి చాలా కష్టమైంది. నాకు జ్వరమొస్తే అమ్మమ్మ నుదురు పట్టి చూసి, "పిల్ల పెయ్యి కాలుతున్నది బిడ్డా" అంది ఒకసారి. అమ్మ బిక్కమొహం వేసి, "పెయ్యేమిటండీ పిన్నిగారూ, మనింట్లో ఆవే లేదు కదండీ" అంది. పెయ్యంటే వాళ్ళకు ఒళ్ళని నేను చెప్పాల్సి వచ్చింది. వీధి పిల్లలతో ఆడి నాకు రెండు భాషలూ వచ్చేశాయి. మామ ఆ పెయ్య కథ దుకాణమంతా చెప్పి నవ్వించాడట. అమ్మకు మండింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే గోంగూర పచ్చడి గిన్నెతో వెళ్ళింది.

ఇక ఆ కారు సంగతి. దవాఖానలో పనిచేసిన తెల్ల డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ ఆయాకు ఇచ్చిన సామాన్లలో అది ఒకటి. రేకు కారు. దానికి తోడు ఒక డబ్బా, డబ్బా మీద ఒకే ఒక మీట. మీట నొక్కితే వైరు లేకుండా, గాలిలోంచే, కారు కదలాలి. కదిలేది కాదు, మూలిగేది. "ముసలిదైంది, మోటరు మారిస్తె ఉరుకుతది సూడు" అన్నాడు మామ.

ఆ సంవత్సరం తెలంగాణ ఉద్యమం. మా బడి మూత, ఆయన దుకాణం సగం రోజులు మూత. వరండాలో చాప పరిచి కారు విప్పాడు. ఉన్న మోటారు నా బొటనవేలంత. అది పీకేసి, పాడైపోయిన బ్యాటరీ రికార్డు ప్లేయరులోని మోటారు బిగించాడు. మొదటిసారి కనెక్షన్ ఇవ్వగానే లోపలి సన్నతీగలు వేడెక్కి, వాటి తొడుగు కరిగి, వరండా అంతా కంపు. అమ్మ ముక్కు మూసుకుని బయటికొచ్చి, "ఇల్లు తగలబెడతావా ఏంటి తమ్ముడూ!" అని కేకలు. ఆయన నవ్వి తీగలన్నీ పీకి లావువి వేశాడు. ప్రతి అతుకు మీదా సీసం కరిగించి పోసి, చల్లారాక వేలితో గుంజి చూసేవాడు. టార్చిలైటు సెల్సు నాలుగు కారు నెత్తిన పెట్టి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. ఏరియల్ పుల్ల తీసేసి పొడుగాటి తీగ కట్టి బట్టలారేసే దండెం దాకా లాగాడు. మీట నొక్కితే, ఓరి నాయనో, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క పరుగు! అమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక మధ్యాహ్నం డబ్బా బీరువాలో ఉండగా, ఎవరూ ముట్టుకోకుండా, కారు తనంతట తనే కదిలింది. గజం దూరం వెళ్ళి ఆగింది. మళ్ళీ కదిలింది. అమ్మమ్మ "యేసయ్యా!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. అమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసింది. నేనైతే చచ్చిపోయినవాళ్ళెవరో మీట నొక్కుతున్నారని నమ్మాను. తర్వాత కూడా రెండుమూడుసార్లు అలాగే జరిగింది. మామ మాత్రం కారును చూడటం మానేసి రోడ్డును చూడసాగాడు.

ఆయన కనిపెట్టింది తల్లికి ఒక్కదానికే చెప్పాడు. మాకు తెలిసింది అంతా అయిపోయాక. పోలీసు జీపు మా వీధి మొగలో ఆగి, అందులోవాడు వైర్‌లెస్‌లో మాట్లాడినప్పుడల్లా కారు కదులుతోంది. "వాండ్లదీ గాలి మాటనే, నా కారుదీ గాలి మాటనే అమ్మా" అన్నాడట. అప్పటికే పోలీసులు ఆయన కోసం వెతుకుతున్నారు. సభలకూ ఊరేగింపులకూ మైకులు కట్టేది ఆయనే. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న వైపు అప్పట్లో అన్నీ ద్రాక్షతోటలు. అక్కడ తెలిసినవాళ్ళ కొట్టంలో పడుకుని మధ్యాహ్నం తిండికి మాత్రం వెనక గోడ దూకి వచ్చేవాడు. దొరికితే ఏం చేస్తారో తల్లికి తెలుసు. దవాఖానకు వచ్చే దెబ్బలు ఆమె రోజూ చూస్తూనే ఉంది.

అందుకని ఆయన వైరింగు మళ్ళీ మార్చాడు. మోటారుకు వెళ్ళే తీగలు విప్పి, వాటికి టార్చిలైటు బల్బు తగిలించి, దానికి చాక్లెట్టు మీది ఎర్రకాగితం చుట్టాడు. చప్పుడుండదు, కదలిక ఉండదు. వరండా గూట్లో పెట్టిన బొమ్మ కారును ఎవరూ పట్టించుకోరు. బల్బు వెలిగితే తల్లి కేకెయ్యాలి, ఆయన గోడ దూకి తోటల్లో పడాలి. బల్బును వాళ్ళు బుగ్గ అంటారు. ఆయన అన్నం తింటున్నంతసేపూ అమ్మమ్మ వరండాలో బియ్యం చేట ముందేసుకుని బుగ్గను చూస్తూ కూచునేది. మాకు చెప్పలేదు. నాన్న సర్కారు ఉద్యోగి, పైగా మేం ఆంధ్రావాళ్ళం. ఆ రోజుల్లో ఎవరు మాత్రం చెబుతారు? నేను తప్పుపట్టను.

నాకు గవదబిళ్ళలు లేచాయి. ఎడమ బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. పొద్దున్నే అమ్మమ్మ ఏదో వేరు అరగదీసి పట్టు వేసింది. మధ్యాహ్నం మామ వచ్చాడు. పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన. అమ్మమ్మ మా గుమ్మంలోకి తొంగిచూసి హడావుడిగా, "బిడ్డా, జర బుగ్గ సూస్తుండు. ఎర్రగైతే కేకెయ్యి" అని లోపలికి పరిగెత్తింది.

"అలాగేనండి పిన్నిగారూ" అంది అమ్మ. వచ్చి నా మంచం మీద కూచుంది, వరండా వైపు వీపు పెట్టి. నా బుగ్గ మీద కళ్ళు పెట్టి.

నాకు రెండు బుగ్గలూ తెలుసు, వాళ్ళదీ మాదీ. కానీ ఆ పూట నొప్పెడుతున్న నా బుగ్గ తప్ప లోకంలో ఇంకో బుగ్గ లేదు నాకు. అమ్మ భుజం మీదుగా గూట్లో కారు కనిపిస్తోంది. ఉన్నట్టుండి అందులో ఎర్రగా వెలుగు వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో! "అమ్మా, ఎర్రగా అయింది" అన్నాను. మాట సరిగా పెగల్లేదు. అమ్మ వంగి నా బుగ్గను వేలి కొసలతో తడిమింది. "లేదమ్మా, ఏం ఎర్రబడలేదు. కళ్ళు మూసుకో" అంది.

బూట్ల చప్పుడు వరండాలోకి వచ్చేసింది. వెనక గోడ అవతల కూడా మనుషులున్నారు. పళ్ళెం కిందపడిన మోత, "అమ్మా!" అని ఒక్క అరుపు. మా గుమ్మం ముందు నుంచే ఈడ్చుకుపోయారు.

పిండి చేతులతో అమ్మమ్మ మా గదిలోకి వచ్చింది. "బుగ్గ ఎలగలేదా బిడ్డా?"

"వెలగడమేంటండీ? పిల్ల బుగ్గ నేను చూస్తూనే ఉన్నానండీ, ఎర్రబడనే లేదు..."

అమ్మమ్మ నా మొహం చూసింది. వెనక్కి తిరిగి గూడు చూసింది. జీపులోవాడు ఇంకా మాట్లాడుతున్నాడు కాబోలు, బల్బు ఇంకా వెలుగుతోంది. ఆమె గుమ్మం పట్టుకుని అలాగే జారి కూచుంది. అమ్మకు అప్పుడర్థమైంది. నోట్లో కొంగు కుక్కుకుంది.

ఈలోపు వీధి పోగైంది. "ఈ ఆంధ్రోల్లే పట్టిచ్చిండ్రు" అన్నాడొకడు. మా గుమ్మం వైపు నలుగురు కదిలారు. నాన్న ఇంట్లో లేడు. ఆ చిన్న వయసులో, ఆ జ్వరంలో, మమ్మల్ని చంపేస్తారనుకున్నాను. అమ్మమ్మ లేచి అడ్డంగా నిలబడింది. "నోర్ముయ్యిర్రి! వాండ్లకేం దెల్సు? నా కొడుకు కట్టిన తీగె తెగింది. బుగ్గ ఎలగలే" అంది. అది వెలుగుతుండగా నేను చూశాను. ఆమె కూడా చూసింది. అయినా అందరి ముందూ కొడుకు పనితనం మీద నింద వేసి మమ్మల్ని కాపాడింది.

మామ చలికాలంలో తిరిగొచ్చాడు. ఒకవైపు పళ్ళు లేవు, అటు బుగ్గ లోపలికి పోయింది. తల్లి ఆయనకూ అదే చెప్పింది, తీగె తెగిందని. మర్నాడు కారు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. కొత్త సెల్సు వేసి, డబ్బా తెచ్చి మీట నొక్కాడు. బల్బు వెలిగింది. వదిలాడు, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వెలిగింది. ఒక్కో అతుకూ వేలితో గుంజి చూశాడు. ఒక్కటీ ఊడలేదు. అలా పూటంతా చూశాడు.

"అన్ని మంచిగనే ఉన్నయి గదనే అమ్మా. మరి గా దినం ఎందుకు ఎలగలే?"

అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. మా అమ్మ తట్టుకోలేకపోయింది. వరండాలోకి వచ్చి ఆయన ముందు నిలబడింది. "వెలిగింది తమ్ముడూ. పిన్నిగారు నన్నే చూడమన్నారు. మా వైపు బుగ్గంటే..." అని ఆయన మొహం చూసి ఆ మాట పూర్తి చెయ్యలేక, తన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "నేను పిల్లను చూస్తూ కూచున్నాను. మా అమ్మ తోడు, నాకు తెలీదు."

నిజం చెప్పినా అబద్ధంలా వినిపించే మాట అది. ఆ సంవత్సరం, ఆ ఊళ్ళో, ఒక ఆంధ్రా ఆడమనిషి నోట వింటే ఎవరు నమ్ముతారు? ఆయన తీగ చుట్ట చుట్టి కారు పక్కన పెట్టాడు.

"సరేనండి" అన్నాడు.

వాళ్ళింట్లో ఎవరూ ఎవర్నీ అండీ అనరు. అది మా వైపు మాట. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆయన అమ్మతో అండీ అనే మాట్లాడాడు.