శామీర్‌పేటలో ఐదు వాట్ల ఆంప్

2006 జూన్‌లో మా కంపెనీ నన్ను సికింద్రాబాద్ షోరూం నుంచి పేట్ బషీరాబాద్‌లోని కొత్త బ్రాంచికి సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేసింది. గిటార్లు, కీబోర్డులు, వాటి ఆంప్లిఫయర్లు అమ్మే షాపు అది. నా పైన మేనేజరు ఉండేవారు, నా కింద ఎవరూ లేరు. కాబట్టి ఆంప్ విప్పి బాగుచేయడం, కొనడానికి వచ్చినవాళ్ళకు వినిపించడం, అమ్మిన తర్వాత ఇంటికి వెళ్ళి పెట్టి రావడం అన్నీ నా పనులే. పుట్టి పెరిగింది సికింద్రాబాద్ గల్లీల్లో. మేడ్చల్ దాటితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గుతాయన్నదే అప్పట్లో ఆ వైపు గురించి నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం. తర్వాత చెవుల్లో ఆగని మోత మొదలై, డాక్టరు వద్దనడంతో నలభై రాకముందే ఆ పని మానేశాను.

ఇంట్లో వాయించుకోవడానికి చిన్న ట్యూబ్ ఆంప్ ఏది మంచిదని ఇప్పటికీ నాకు మెసేజీలు వస్తుంటాయి. నేను మోడళ్ళ పేర్లు చెప్పను. సత్తయ్య గారి సంగతి చెబుతాను.

సత్తయ్యది శామీర్‌పేట. మేడ్చల్‌లో టైలరు షాపు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. నడుములో డిస్కు జారి ఆపరేషన్ అయ్యాక ఆర్కెస్ట్రా పోయింది. ఏడెనిమిది కిలోలకు మించి ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఉన్న పాత ఆంప్ అంతకు మూడింతల బరువు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. లోపలి గదిలో వాళ్ళమ్మ పడుకుంటుంది, ముందు గదిలో పిల్లలు చదువుకుంటారు. వాయించాలంటే డబ్బాను రోజూ సాయంత్రం బయట అరుగు మీదికి తేవాలి, అయిపోయాక లోపల పెట్టాలి. అందుకు ప్రతిసారీ ఎవరినో పిలవాలి. పిలవడం ఇష్టంలేక ఆరు నెలలుగా గిటార్ ముట్టుకోలేదు.

ఆయన షాపుకు తమ్ముడు మల్లేశ్‌తో కలిసి వచ్చాడు. మల్లేశ్‌ది మైక్‌సెట్టు వ్యాపారం. పెళ్ళి బరాత్‌లకు, వినాయకుడి ఊరేగింపులకు సౌండ్ బాక్సులు కిరాయికి ఇస్తాడు.

ముందు వినిపించాలి, బరువు సంగతి చివర్లో చెప్పాలి అన్నది మా షాపు పద్ధతి. నడుముకు బెల్టు కట్టుకుని వచ్చిన మనిషికి అది పనికిరాదు. పదిహేను వాట్లది ఒకటి, ఐదు వాట్లది ఒకటి, రెండు ట్యూబ్ ఆంప్‌లు నేలమీద పెట్టి, ముందు ఎత్తి చూడమన్నాను. ట్యూబ్ అంటే పాతకాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టమే. అందులోంచి గిటార్ వినిపిస్తే, మెల్లగా మీటినప్పుడు తేటగా, గట్టిగా మీటినప్పుడు చిక్కగా వస్తుంది. దానికి ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి, బరువంతా వాటిది. సత్తయ్య మోకాళ్ళు వంచి పదిహేను వాట్లదాన్ని పట్టుకుని, జానెడు లేపి దించేశాడు.

"ఇది మా మల్లిగాడు మోసే సామాను," అన్నాడు.

ఐదు వాట్లదాన్ని ఎత్తి, షట్టర్ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. స్పీకరు ఎనిమిది అంగుళాలది. మొత్తం ఏడు కిలోలు. మళ్ళీ ఒకసారి నడిచి వచ్చాడు. అవసరం లేకపోయినా.

మల్లేశ్ డబ్బా వెనక రాసింది చదివి నవ్వాడు. "ఏంది మేడమ్, ఐదు వాట్లా? మా ఇంట్ల జీరో బల్బు గూడ గింతకంటె ఎక్కువ తింటది. అన్నా, పోరగాళ్ళు ఆడుకునే డబ్బా లెక్కున్నదిది. ఒద్దు."

ఆ రోజుల్లో చిన్న టేప్‌రికార్డర్ అట్ట మీద కూడా వాట్లు వేలల్లో అచ్చువేసేవారు. దాంతో ఐదు అంటే జనానికి బొమ్మే. నిజానికి పదిహేను వాట్లు ఐదుకు మూడింతల మోత కాదు. చెవికి కాస్త పెద్దగా అనిపిస్తుంది, అంతే. పైగా ట్యూబ్ తీయదనం వాల్యూం సగం దాటాకే వస్తుంది. పెద్ద ఆంప్‌ను ఇంట్లో అంతదాకా తిప్పితే పక్కింటివాళ్ళు ఊరుకోరు. తిప్పకపోతే ట్యూబ్ ఉండి లాభం లేదు. ఇదంతా నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు. నేను నెమ్మదిగా చెప్పే మనిషిని కాను.

"మీ బాక్సులు బరాత్‌లో కిటికీ అద్దాలు ఊపడానికి. అంకుల్ అరుగు మీద కూర్చుని వాయించుకోవాలి. రెండూ ఒకటేనా?" అన్నాను. గొంతుతో పాటు ఫోన్ పట్టుకున్న చెయ్యి కూడా లేచినట్టుంది, మేనేజరు క్యాబిన్‌లోంచి తొంగిచూశారు.

"కోపమొస్తె ఫోను నేలకేసి కొడ్తవా ఏంది? ముందుగాల్ల దాన్ని చేతిలకెల్లి దించు మేడమ్, భయమైతాంది," అన్నాడు మల్లేశ్.

సత్తయ్య ఇద్దరినీ పట్టించుకోలేదు. గిటార్ తగిలించి, కళ్ళు మూసుకుని కాసేపు వాయించాడు. ఐదు వాట్లదానికే బిల్లు రాయమన్నాడు.

నేనే ఇంటికి తీసుకెళ్ళి పెట్టాను. పెట్టేటప్పుడు చూసేవి కొన్నుంటాయి. మూడు పిన్నుల ప్లగ్గుకు నిజంగా ఎర్త్ ఉందా? లేకపోతే గిటార్ తీగ మీంచి వేలు తీయగానే మోత వస్తుంది. డబ్బా వెనక గాలి ఆడుతుందా? ట్యూబులు వేడెక్కేదాకా ఆగుతున్నారా? అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం కావడంతో సత్తయ్య తల్లి నిద్రలో ఉంది, ఆమె లేవకుండా మెల్లగా వాయించి చూపించాను. వారం లోపల నచ్చకపోతే మార్చి ఇస్తాం, వారం దాటితే ట్యూబులు వాడినట్టు లెక్క, ఇక వెనక్కి తీసుకోం అని షాపు నిబంధన చెప్పి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత సత్తయ్య ఫోన్ చేశాడు.

"బిడ్డా, డబ్బా గొంతు పడిపోయింది. మొన్నటిదాంక మంచిగనే ఉండె. నిన్నటిసంది జెరమొచ్చినోని లెక్క మూలుగుతాంది."

"ఎవరు విప్పారు అంకుల్? మల్లేశ్ విప్పాడా?"

"ఎవ్వలు ముట్టలే బిడ్డా. నీ మీదొట్టు."

అప్పటికే మల్లేశ్ మేనేజరుతో మాట్లాడేశాడు. ఐదు వాట్లు సరిపోవడం లేదు, పదిహేనుది పంపండి అని. మేనేజరుకు అభ్యంతరం లేదు. పెద్దది అమ్ముడుపోతే బ్రాంచికే మంచిది. నాకు మండింది. పెద్దది వెళ్తే ఆ మనిషి మళ్ళీ రోజూ ఒకరిని పిలవాలి. రెండు వారాలు పిలుస్తాడు, తర్వాత మానేస్తాడు. గిటార్ మళ్ళీ సంచిలోకి పోతుంది.

పదిహేను వాట్లదాన్ని మార్పిడి కింద కాకుండా డెమో కింద గేట్‌పాస్ రాయించుకున్నాను. డెమో పీసు అయితే షాపు మూసేలోపల తిరిగి రావాలి. ట్రాలీ ఆటోలో వేసుకుని, మల్టీమీటర్ పట్టుకుని మేడ్చల్ మీదుగా శామీర్‌పేట వెళ్ళాను.

వెళ్ళేసరికి చిన్న ఆంప్ అరుగు మీద చక్కగా పలుకుతోంది. ఏ లోపమూ లేదు.

"మేడమ్‌ను జూడంగనె భయపడ్డది," అన్నాడు మల్లేశ్.

వెనక మూత తీసి ట్యూబులు ఒక్కొక్కటే తట్టి చూశాను. ఏమీ లేదు. సత్తయ్య మాత్రం పొద్దుగూకే వేళకు మొదలవుతుందని అంటున్నాడు. మేనేజరు ఫోన్ మీద ఫోన్. సిగ్నల్ కోసం గేటు దగ్గరికి వెళ్ళి మాట్లాడి వస్తున్నాను. లోపం కనపడకపోతే కనపడలేదని రాసి, పెద్దది దించేసి రమ్మన్నారు. ఇంకాసేపు అన్నాను. ఎంతసేపు అన్నారు. కట్ చేశాను.

సత్తయ్య భార్య భాగ్యమ్మ చాయ్ ఇచ్చింది. గ్లాసు సగం కాలేదు, రోడ్డవతల ద్రాక్ష తోటల్లో ఒకేసారి బోరు మోటార్లు లేచాయి. ఎక్కడో పైపులోంచి నీళ్ళు దబదబా పడ్డ చప్పుడు. అరుగు మీది బల్బు ఎర్రబడింది. భాగ్యమ్మ మాట మధ్యలో లేచి లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి వచ్చి, మాట ఆపిన చోటి నుంచి అందుకుంది.

"ఏమైంది ఆంటీ?"

"త్రీఫేజొచ్చింది," అంది. వాన వచ్చింది అన్నట్టు.

సత్తయ్య గిటార్ మీటాడు. ఆంప్ మీద ఎవరో గొంగడి కప్పినట్టు వచ్చింది శబ్దం.

మల్లేశ్ లేచి నిలబడ్డాడు. "జూసినవా మేడమ్! ఐదు వాట్లు! నేను ఆ దినమే జెప్పలే?"

నేను ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టాను. రెండు వందల ముప్పై ఉండాల్సిన చోట నూట అరవై దగ్గర ఊగుతోంది. ట్యూబ్ లోపల ఒక తీగ ఎర్రగా కాలాలి, అప్పుడే ట్యూబ్ పనిచేస్తుంది. ఆ కరెంటుకు అది సగమే కాలుతోంది. మాటలతో ఒప్పించే ఓపిక నాకు లేదు. చిన్నదాని వైరు తీసి, పదిహేను వాట్లదానికి పెట్టి, వేడెక్కాక వాయించమన్నాను. అదే గొంగడి. కాస్త పెద్ద గొంగడి.

మల్లేశ్ దగ్గరికి వచ్చి మీటర్ వంక చూశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ రోగం అతనికి ఎప్పుడూ తగల్లేదు. ఊరేగింపులో సౌండ్ బాక్సులు నడిచేది సొంత జనరేటర్ మీద.

సంగతి తర్వాత సత్తయ్య వాళ్ళు విడమరిచి చెప్పారు. మోటార్లకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటు రోజంతా ఉండదు, పూటల లెక్కన ఇస్తారు. పూటలు వారానికోసారి మారతాయి. రైతు ప్రతిసారీ పొలంలో బాయికాడికి పోలేడు కాబట్టి ప్రతి మోటారుకూ ఆటోస్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే అన్నీ తమంతట తామే ఒకేసారి లేస్తాయి. ఊళ్ళో వోల్టేజీ పడిపోతుంది. నేను ఆంప్ పెట్టిన వారం త్రీఫేజ్ పొద్దున వచ్చేది. తర్వాత సాయంత్రానికి మారింది. ఆ వేళకు ఫ్రిజ్ ప్లగ్గు తీయాలని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. గిటార్ డబ్బా కూడా అటువంటిదేనని ఎవరికీ తోచలేదు. బల్బు వెలుగుతూనే ఉంది కదా, కరెంటు ఉన్నట్టే.

మందు తెలిసిందే, స్టెబిలైజర్. తక్కువ వోల్టేజీని కూడా లాగి నిలబెట్టే రకం కావాలి. మల్లేశ్ గోదాంలో ఒకటి ఉంటే బండి మీద వెళ్ళి తెచ్చాడు. పెట్టగానే బల్బు ఎర్రగానే ఉంది గానీ ఆంప్ తేటపడింది. సత్తయ్య రెండు పాటలు ఆపకుండా వాయించాడు. లోపలినుంచి వాళ్ళమ్మ ఇంకొకటి కొట్టమని అరిచింది.

తర్వాత ఆయన ఒక చేత్తో ఆంప్, ఇంకో చేత్తో స్టెబిలైజర్ పట్టుకుని చూశాడు. రెండూ దించేసి నడుం పట్టుకున్నాడు.

"పిల్ల తేలికనే ఉన్నది బిడ్డా. ఎంబడొచ్చిన సారె బరువున్నది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, గిటార్ తీసి సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు.

"నేను లేనా అన్నా, మొయ్యనీకి?" అన్నాడు మల్లేశ్.

"ఉన్నవురా. నువ్వున్నప్పుడే వాయించాల్నా నేను?"

నా ఫోన్ మోగింది. తీయలేదు.

మల్లేశ్ గోడ వంక, కరెంటు మీటరు వంక చూశాడు. తర్వాత తనమీద తనకే కోపం వచ్చినట్టు గట్టిగా అన్నాడు. "అయినా గిది మోసుకపోవాల్నని ఎవలన్నరు? మీటరు పక్కన గోడకు కొడ్త. అండ్లకెల్లి ఒక వైరు అరుగు మీదికి, ఒకటి అవ్వ అర్రలకు గుంజుత. యాడ బుద్ధైతె ఆడ వెట్టుకో. వదినె, ఆ సుత్తె ఇటియ్యి."

అతనికి అది చిటికెలో పని. రోజూ పందిళ్ళలో వైర్లు లాగే మనిషి. నేను లోడు చూసి, కొత్త ప్లగ్గులు రెండింటికీ ఎర్త్ కలిపాడో లేదో మీటర్‌తో సరిచూశాను. అరుగు మీదిదానికి కలపలేదు. అరిచాను. కలిపాడు.

"మేడమ్‌కు ఎర్త్ లేదు గని, మనకు గావాల్నట," అని వదినెతో అన్నాడు.

ముగించేసరికి చినుకులు మొదలయ్యాయి. సత్తయ్య స్విచ్చు ఆపాడు. ట్యూబులు వేడి మీద ఉండగా కదపకూడదని చెప్పాను, చల్లారేదాకా చాయ్ తాగుతూ ఆగాడు. తర్వాత మోకాళ్ళు వంచి, ఐదు వాట్లదాన్ని పిడి పట్టి లేపాడు. మల్లేశ్ చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది. మళ్ళీ జేబులోకి పోయింది. సత్తయ్య గడప దాటి, దాన్ని వాళ్ళమ్మ మంచం పక్కన పెట్టి వచ్చాడు. పదిహేను వాట్లదాన్ని మల్లేశ్ నా ఆటోలో ఎక్కించాడు. షాపు మూసేలోపల గేట్‌పాస్ తిరిగి ఇచ్చేశాను. మార్పిడి లేదని మేనేజరు గొణిగారు.

ఆ తర్వాత ఆ బ్రాంచిలో ఉన్నన్నాళ్ళూ ట్యూబ్ ఆంప్ కోసం వచ్చినవాళ్ళను నేను ముందు మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. దీన్ని ఎవరు ఎత్తుతారు? ఏ వేళకు వాయిస్తారు? ఆ వేళకు మీ ఇంట్లో ప్లగ్గు దగ్గర కరెంటు ఎంత ఉంటుంది? మూడోదానికి జవాబు తెలియకపోతే నేనే ఆ వేళకు మీటర్ పట్టుకుని వెళ్ళేదాన్ని. షోరూంలో చెవికి నచ్చింది ఇంట్లో నచ్చుతుందన్న నమ్మకం లేదు. షోరూంకి జనరేటర్ ఉంటుంది. ఎత్తడానికి మనుషులుంటారు. ఈ మూడూ తేలాక వాట్లు ఎన్ని అన్నది నాలుగో ప్రశ్న. చాలామందికి అంతదాకా వెళ్ళాల్సిన పని పడలేదు.