ఆకాశానికి కుట్టిన జాకెట్టు

మా అక్క ఒకసారి ఆకాశానికి జాకెట్టు కుట్టింది. మెడ దగ్గర కాస్త వదులైంది గానీ, లేకపోతే ఆకాశం ఈపాటికి రెండోది కూడా పురమాయించేది.

అక్క దర్జీ. కొలత ఎంత రాసుకున్నా, కత్తెర పట్టేసరికి ‘రేపు ఒళ్ళు చేస్తే?’ అనుకుని కుట్టుకని ఇంకాస్త కలుపుతుంది. మా వీధిలో సగం మంది ఆవిడ ఇచ్చిన వదులులోకి ఎదగడానికి ఏళ్ళ తరబడి తింటూనే ఉన్నారు.

ఆవిడ కూతురు, అంటే నా మేనకోడలు, బడిలో సైన్సు ప్రదర్శనకు వేడిగాలి బుడగ చేస్తానంది. బుడగ హాలు పైకప్పును తాకితేనే పెద్ద పోటీకి పంపుతానని సైన్సు మాస్టారు షరతు పెట్టారు. ఆయన మాట్లాడే తీరు చూస్తే, వేడిగాలికి వేరే పొయ్యి ఎందుకో నాకర్థం కాలేదు. పిల్ల మూడు రోజులు లెక్కలు కట్టింది. వ్యాసం, చుట్టుకొలత, మధ్యలో ‘పై’. ఆ పై వచ్చిన రోజే నేను బడి మానేశాను, పైకి రావడానికి వేరే దారి ఉండకపోతుందా అని. ఇంకా వెతుకుతున్నాను.

బుడగకు ఎనిమిది కాగితం ముక్కలు. పొయ్యి మీంచి వేడిగాలిని బుడగ మూతిలోకి పంపే రేకు గొట్టం చుట్టుకొలత నలభై సెంటీమీటర్లు. కాబట్టి మూతి దగ్గర ఒక్కో ముక్క అయిదు, అతుక్కి రెండు, వెరసి ఏడు. పిల్ల గీతలు గీసి తల్లి చేతికిచ్చింది. తల్లి కత్తిరించింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే అతికించి చూస్తే మూతి యాభై ఆరొచ్చింది. గొట్టానికి తొడిగితే తాత చొక్కా మనవడికి వేసినట్టుంది. వేడిగాలంతా పక్కల నుంచి పారిపోతోంది.

పిల్ల నోటుబుక్కు మూడుసార్లు తిరగేసింది. తప్పు దొరకలేదు.

“అమ్మా, నువ్వేమైనా కలిపావా?”

“కుట్టుకని రెండు.”

“అది నేను ముందే కలిపేశానమ్మా.”

అక్క కత్తెర కింద పెట్టేసింది. తాడుతో బిగించి కట్టేద్దామని నేను సలహా ఇచ్చాను. ఇద్దరూ నావైపు చూసిన చూపు వేడికే బుడగ లేవాల్సింది.

పదహారు ఎక్కువైంది, ముక్కలు ఎనిమిది, కాబట్టి ముక్కకు రెండు సెంటీమీటర్ల కుచ్చు పెడదామంది పిల్ల. అక్క తలూపలేదు.

“రెండు సెంటీమీటర్ల మడత పెడితే, పోనూ రానూ కాగితం నాలుగు తింటుందే. ఒక సెంటీమీటరే పెట్టు.”

పిల్ల ఆ మాట నోటుబుక్కులో రాసుకుని మరీ మడతలు పెట్టింది.

బుడగ పైకప్పును తాకింది. మూతి దగ్గరి కుచ్చులు చూసి, ఇది ఏ సూత్రమని మాస్టారు అడిగారట. లంగా సూత్రం సార్ అందట పిల్ల. ఆయన పోటీ జాబితాలో పేరు రాసుకున్నారు.

ఆ తర్వాత బుడగ పైకప్పు చీల్చుకుని, మబ్బుల్ని భుజాన వేసుకుని వెళ్ళి ఆకాశానికి జాకెట్టయిపోయిందని నేను కుట్టు దుకాణంలో నలుగురికీ చెబుతుంటే, అక్క మిషను ఆపకుండానే అంది:

“ఆకాశం కాదు, కాగితం బుడగ. కప్పుకి తగిలి కింద పడింది. ఆ వదులు నా తప్పే, అడక్కుండా కలిపాను.”