ఇట్టూప్ సారు కనిపెట్టిన ఉప్పు

కేరళలోని ఆలప్పుళలో ఉప్పుటేటి ఒడ్డునున్న కాలేజీలో ఇట్టూప్ సారు కెమిస్ట్రీ చెప్పేవాడు. చెప్పేవాడంటే, చొక్కాకు మరక పడకుండా బల్లకు బారెడు దూరంలో నిలబడి, పిల్లలు ప్రయోగాలు చేస్తుంటే మీసం దువ్వుకునేవాడు. ఏ ఉప్పయినా చిటికెడు చూపిస్తే చాలు, ఆమ్ల రాడికల్ ఫలానా, క్షార రాడికల్ ఫలానా అని తేల్చేస్తానని ఆయన గొప్ప. పెళ్లి విందుల్లో చేపల పులుసు ముందు కూర్చుని కూడా అదే గొప్ప. పులుసులో ఉప్పు చాల్లేదని మాత్రం ఎన్నడూ కనిపెట్టలేదు.

లాబులో డిస్టిల్డ్ వాటర్ కాచే రాగి బానను ఒక క్రిస్మస్‌కి ఇంటికి పట్టుకెళ్లాడు. పండగ సారా అందులోనే దిగింది. బాన తిరిగి రాలేదు. సారా అంత బాగా కుదిరింది మరి. అప్పటినుంచి డిస్టిల్డ్ వాటర్ సీసాల్లో కాలేజీ బావినీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు.

"నీళ్లు నీళ్లే కదా," అనేవాడు సారు.

ఆ ఏడు హెడ్డు రిటైరవుతున్నాడు. ఇట్టూప్ ప్రాణమంతా ఆ కుర్చీ మీదే. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ నాలుగు మంచి మాటలు రాస్తే కుర్చీ తనదే. ఆయన భార్య రాహేలమ్మ అప్పుడే దానికి దిండు కూడా కుట్టేసింది.

ఎగ్జామినర్‌గా ఏలిక్కుట్టి టీచర్ వచ్చింది. పిల్లలకు తలో రకం ఉప్పు ఇచ్చింది. అందరి పేపర్లలోనూ ఆమ్ల రాడికల్ మాత్రం ఒకటే, క్లోరైడ్.

"మీ పిల్లలకు క్లోరైడంటే అంత ప్రేమేంటి సారే?"

"వట్టి గొడ్లు, టీచరే. ఎంత తోమితే మాత్రం ఇత్తడి బంగారమవుతుందా? ఉండండి, నేను చేసి చూపిస్తా."

"చూపించండి. నేనూ నేర్చుకుంటా."

ఆమె అటు తిరిగి ఒక పరీక్షనాళిక నింపి ఇచ్చింది.

"కరిగించే ఇచ్చారా? నాకు పని తగ్గించారు," అని ఇట్టూప్ అందులో సగం వేరే నాళికలోకి ఒంపాడు. మొదటిదానిలో నాలుగు చుక్కలు నత్రికామ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ వేశాడు. పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది.

"ఇదీ క్లోరైడే. గొడ్లు రాసిందాంట్లో ఇదొక్కటీ సరిపోయిందన్నమాట." రెండోదానిలో అమ్మోనియం ఆక్సలేట్ పోశాడు. అదీ తెల్లబడింది. మీసం మీదికి చెయ్యి పోయింది. "కాల్షియం క్లోరైడ్, టీచరే. మంచి సరుకు. మన ఊళ్లో దొరికేది కాదు."

"దొరుకుతుంది సారే. మీ సీసాలో నీళ్లే అవి. నేను ఏ ఉప్పూ వెయ్యలేదు. పిల్లలందరికీ దొరికిన క్లోరైడూ ఈ నీళ్లదే."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇట్టూప్ పైకప్పుకేసి చూశాడు.

"మరి నీళ్లు కాచే బాన ఏది?" అంది టీచర్.

"రిపేరుకిచ్చాం."

"క్రిస్మస్‌కి బాగానే పని చేసింది కదా సారే," అన్నాడు అటెండరు వర్కి, పాపం మేలు చేద్దామని.

కుర్చీ కోట్టయం నుంచి వచ్చిన ఒక కుర్రాయనకు పోయింది. దిండు రాహేలమ్మ పిల్లికి దక్కింది. బాన మర్నాడే లాబుకు చేరింది. అందులో మొదట దిగిన నీళ్లు గుప్పుమని ఏం వాసన కొట్టాయో కాలేజీ అంతటికీ తెలిసింది. అదేమిటో తేల్చమని మాత్రం ఇట్టూప్ సారును ఎవరూ అడగలేదు.