నాలుగో అంతస్తు కుర్చీలు

2003 జూలైలో నన్ను వారానికి రెండు రోజుల చొప్పున ఒక కంప్యూటర్ సంస్థకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టును. పద్దెనిమిదేళ్ల సర్వీసు. మా విభాగంలో నా పైన చీఫ్ ఒక్కరే ఉండేవారు. ఆ సంస్థ విదేశాల బీమా కాగితాలను కంప్యూటర్లలోకి ఎక్కించే పని చేసేది. స్టేషన్‌కు కాస్త దూరంలో ఒక కొత్త భవనంలో నాలుగో అంతస్తు మొత్తం వాళ్లదే. మంగళ, శుక్రవారాల్లో చిలకలగూడలోని మా ఇంటి నుంచి నడిచే వెళ్లేదాన్ని.

ఆ పని నేను అడిగి మరీ తీసుకున్నాను. ఎందుకంటే నాకు ఒక సంగతి అంతుపట్టలేదు. అంతకుముందు నడుం నొప్పితో మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో నాకు బాగా తెలుసు. స్టేషన్‌లో మూటలు మోసే హమాలీలు, మోండా మార్కెట్‌లో బస్తాలు దించేవాళ్లు, నాలుగిళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లు. రెండు మూడేళ్లుగా అదే బెంచీ మీద పాతికేళ్ల పిల్లలు, మెడలో కంపెనీ కార్డులు వేసుకుని, తమ వంతు కోసం ఎదురుచూడటం మొదలైంది. ఏ బరువూ ఎత్తరు. ఏసీలో కూర్చుని పని చేస్తారు. మరి వీళ్లకేం వచ్చింది? ఆసుపత్రిలో కూర్చుంటే ఇది తేలదని నాకు అనిపించింది.

నా పనిని వర్క్‌స్టేషన్ అసెస్‌మెంట్ అనేవారు. మనిషి కూర్చునే చోటు ఆ మనిషి ఒంటికి సరిపోతుందో లేదో కొలిచి చూడటమే అది. దానికి రెండు పేజీల ఫారం ఉండేది, విదేశీ క్లయింటు పంపినది. మోచేయి తొంభై డిగ్రీల వంపులో ఉండాలి. తెర పై అంచు కంటికి సమానంగా ఉండాలి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. అక్కడి బల్లలు నేలకు బిగించినవి కాబట్టి వాటి ఎత్తు మార్చలేం. ముందు చేతులకు సరిపోయేలా కుర్చీని లేపాలి. అలా లేపాక పాదాలు నేలకు అందకపోతే కాళ్ల కింద ఫుట్‌రెస్ట్ ఇమ్మని రాయాలి. ఫారంలో పదకొండో గడి దానికోసమే: ‘ఫుట్‌రెస్ట్ అవసరం / అవసరం లేదు.’ నా సంచిలో టేపు, కీళ్ల వంపు కొలిచే గోనియోమీటర్, ఎర్రసిరా పెన్ను ఉండేవి.

రెండు నెలల్లో అంతస్తు మొత్తం కొలిచేశాను. గోడల మీద నా పేరుతో నాలుగు బోర్డులు కూడా పెట్టించాను. ‘కాళ్లు మడిచి కూర్చోవద్దు, రెండు పాదాలూ నేలకు ఆనించండి’ అన్నది వాటిలో మొదటిది. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడుములన్నీ నిటారుగా లేచేవి. నా మాటకు ఇంత విలువ ఉందా అని లోలోపల మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టవుతుంది.

ఎస్తేరు ఆ అంతస్తులో కిటికీ వరుసలో కూర్చునేది. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, బోయిగూడలో తల్లితో కలిసి అద్దె ఇంట్లో ఉండేది. అంతకుముందు ఆరేళ్లు ఒక చర్చి స్కూల్లో టీచరుగా చేసి, ఆ ఉద్యోగం వదిలేసి ఇందులో చేరింది. ఆరు నెలల ప్రొబేషన్, అంటే పని చూసి పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో తేల్చే గడువు. నాలుగో నెల నుంచి ఆమె కుడి కాలు తిమ్మిరెక్కడం మొదలైంది. సాయంత్రం బస్సు ఎక్కబోతే పాదం మెట్టుకు తగిలేది. రెండుసార్లు పడింది. సెలవులు పెరిగాయి, పని వెనకబడింది.

హెచ్ఆర్ మేనేజరు రఘురాం చెడ్డవాడేమీ కాదు. కాగితం మీద ఏముందో దాన్ని బట్టి నడిచే మనిషి. ఎస్తేరు ఇబ్బందికి ఆఫీసు కుర్చీ కారణమా అని నన్ను రాతపూర్వకంగా అడిగాడు. నేను ఫారం తీసి చూశాను. అన్ని గడులూ సరిగా ఉన్నాయి, ఫుట్‌రెస్ట్ అవసరం లేదు. ఆమెను ఆసుపత్రికి పిలిపించాను. నడుం ఎక్స్‌రేలో ఏమీ లేదు. పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తే పరీక్ష చేశాను, అందులోనూ ఏమీ దొరకలేదు. ఆమె సోమవారం పొద్దున, ఆదివారం విశ్రాంతి తీసుకున్నాక వచ్చిందనీ, అప్పటికి కాలు తేరుకుని ఉంటుందనీ నాకు తట్టలేదు.

పరీక్ష అయ్యాక ఆమె ఒక మాట అంది. “స్కూల్లో రోజంతా నిలబడే పని మేడం. ఒక్కనాడు తక్లీఫ్ లేదు. ఇక్కడ కూర్చునుడే పని, అయినా కాలు నాది కానట్టే ఉంటుంది.”

ఆ మాట నాలో చాలా సేపు తిరిగింది. నిలబడితే లేని నొప్పి కూర్చుంటే ఎందుకు రావాలి? శుక్రవారం వెళ్లి ఆమె కుర్చీని మళ్లీ కొలిచాను. ఆమె చక్కగా, పాదాలు నేలకు ఆనించి కూర్చుంది. టేపు మొదటిసారి చెప్పిందే చెప్పింది. ‘అనుకూలం’ అని రాసి రెండోసారి సంతకం పెట్టాను. ఆ రెండు కాగితాలతో రఘురాం ఒక నిర్ణయానికి వచ్చాడు. నాతో మర్యాదగానే చెప్పాడు. “మీరే రెండుసార్లు ఓకే అన్నరు మేడం. ఇంక ఆమె పని చెయ్యలేకపోతుందనే రాసుకోవాలె.” ప్రొబేషన్ మీటింగు పదకొండు రోజుల్లో ఉంది. పాత స్కూల్లో ఆమె జాగాలో అప్పటికే వేరే టీచరు చేరిపోయింది.

తర్వాతి మంగళవారం పొద్దున పదకొండు గంటలకు అగ్నిప్రమాద రిహార్సల్ పెట్టారు. బెల్లు మోగగానే అందరూ ఉన్నపళంగా లేచి మెట్ల దారిన మూడు నిమిషాల్లో కిందికి దిగాలి. నేను ఆ సమయంలో హాల్లోనే ఒక మూల ఫారాలు సర్దుకుంటున్నాను. బెల్లు మోగింది. ఒక్కరూ లేవలేదు. హాలంతా బల్లల కిందికి వంగింది.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒకడి బూటు పక్కవాడి బల్ల కిందికి పోయింది. ఒకావిడ రెండు వేర్వేరు జతల్లోంచి చెరొకటీ తొడుక్కుని పరుగెత్తింది. కొందరు సాక్సులతోనే మెట్లు దిగారు. కిటికీ వరుసలోంచి ఎస్తేరు కుడి కాలు ఈడ్చుకుంటూ ఉత్త పాదాలతో వెళ్లిపోవడం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

హాల్లో మిగిలింది నేనూ, ఊడ్చే యాదమ్మా. ఆమెకు ఇదేమీ వింతగా లేదు. రోజూ ఉండేదేనా అని అడిగాను. చీపురు గోడకు ఆనించి చెప్పింది.

“పొద్దుగాల వచ్చుడు, చెప్పులు ఇడుసుడు. నేను ఊడ్సనీకి వస్తే కాళ్లు కుర్సీ మీదికి తీస్తరు. గా ఎస్తేరు మేడమైతే కుడి కాలు మీదనే కూసుంటది, దినమంత గట్లనే. మీరు లిఫ్టు దిగంగనే అందరు సక్కగైతరు.”

నేను వంగి బల్లల కింద చూశాను. ఎస్తేరు కుర్చీ కింద ఆమె చెప్పులు ఉన్నాయి. నల్లటివి, హీల్స్ ఉన్నవి. ఆఫీసులో చేరినప్పుడు శిక్షణ తరగతిలో ఫార్మల్‌గా రావాలని చెబితే కొనుక్కున్నవి. టేపు తీసి మడమ ఎత్తు కొలిచాను. రెండున్నర అంగుళాలు.

ఆ రెండున్నర అంగుళాల్లో అంతా తేలిపోయింది. నేను కొలిచినప్పుడు ఆమె చెప్పులు వేసుకుని ఉంది. కాబట్టి పాదాలు నేలకు అందాయి, ఫుట్‌రెస్ట్ అవసరం లేదని రాశాను. నేను వెళ్లగానే చెప్పులు విడిచేది. అప్పుడు పాదాలు గాలిలో వేలాడేవి, కుర్చీ అంచు తొడల కింద ఒరుసుకునేది. ఆ బాధ తప్పించుకోవడానికి కుడి కాలు మడిచి, దాని మీద కూర్చునేది. మోకాలి పక్కన, పిక్కకు బయటివైపు ఎముకను ఆనుకుని ఒక నరం పోతుంది. పాదాన్ని పైకి లేపే పని దానిది. అది గంటల తరబడి నలిగితే పాదం మెట్టుకు తగలక ఏం చేస్తుంది? నేను లోపమంతా నడుములో వెతికాను. మోకాలి దగ్గర వేలు పెట్టి చూడనే లేదు.

అసలు చెప్పులు ఎందుకు విడుస్తారన్నది ఆ ఫారం రాసినవాళ్లకు తట్టే ప్రశ్న కాదు. నాకు తట్టాలి. మన ఇళ్లలో పెరిగినవాళ్లం ఎక్కడైనా స్థిమితంగా కూర్చున్నామంటే ముందు కాళ్ల నుంచి చెప్పులు జారతాయి. ఆ హాల్లో సగం తెరల మీద చిన్న దేవుడి బొమ్మలుండేవి, ఎస్తేరు తెర మీద చిన్న చెక్క సిలువ. దసరాకు కంప్యూటర్లకు కుంకుమ బొట్లు పెట్టారు, అవి నేనూ చూశాను. అలాంటి బల్ల ముందు ఎనిమిది గంటలు బూట్లతో ఎవరు కూర్చుంటారు? దానికి తోడు ఏసీ చలి, పాదాలు వెచ్చదనం కోసం పైకి చేరేవి.

ఆ మధ్యాహ్నం ఎస్తేరును పక్కకు పిలిచి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. కోపంగానే అడిగాను, అందులో చాలా భాగం నా మీదే. ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది.

“కాలు మడుస్తే తప్పని రాసింది మీరే కదా మేడం. మీరొస్తున్నరంటే చెప్పులేసుకుని సరిగ్గా కూర్చునేదాన్ని. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరన్నా వస్తే మా క్లాసు పిల్లలు కూర్చున్నట్టు.”

నాకు సిగ్గేసింది.

సంతకం పెట్టిన ఫారాన్ని వెనక్కి తీసుకోవడం మా వృత్తిలో చిన్న విషయం కాదు. ముందు చీఫ్‌కు చెప్పాలి. ఆయన అంతా విని, ‘అదనపు పరిశీలన’ అని ఒక కాగితం జతచేస్తే సరిపోతుందనీ, ఆసుపత్రి పేరు పాడవకుండా ఉంటుందనీ సలహా ఇచ్చారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కాగితమే రాయడానికి కూర్చున్నాను. రెండు వాక్యాలు రాశాక కిందికి చూసుకుంటే నా చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి, నా ఎడమ కాలు కుర్చీ మీద మడిచి ఉంది. విజయనగరంలో పుట్టి, నేల మీద పీటలేసుకుని తిని పెరిగినదాన్ని. ఇంకెలా కూర్చుంటాను?

అదనపు పరిశీలన అని రాస్తే పాత ఫారాలు రెండూ ఫైల్లో నిజాలుగానే నిలుస్తాయి, ఎస్తేరు పని చేతకాని మనిషిగా మిగులుతుంది. రాసిన కాగితం చింపేసి కొత్తది రాశాను. ‘నా రెండు కొలతలూ తప్పు. ఉద్యోగి పని చేసే స్థితిలో కొలవలేదు. తిమ్మిరికి కారణం కూర్చునే చోటే. సరిచేస్తే తగ్గుతుంది.’ చీఫ్ చదివి, కళ్లద్దాలు తీసి, ఇదే పంపుతారా అని అడిగారు. ఇదే పంపుతానన్నాను. ఆయన వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఫుట్‌రెస్టులు తెప్పించాలంటే కంపెనీ కొనుగోలు పద్ధతి ప్రకారం రెండు నెలలు పడుతుందన్నారు. మీటింగుకు వారం కూడా లేదు. మోండా మార్కెట్‌కు వెళ్లి ఒక చెక్క పీట కొని, ఎస్తేరు ఉత్త పాదాల కొలతకు సరిపోయేలా దాని కాళ్లు కోయించాను. బీమా కంప్యూటర్ల కింద అన్నం పీట చూసి రఘురాం వంగి దాన్ని ఒకసారి కదిపి చూసి వెళ్లిపోయాడు.

పీట ఒక్కటే చాలదని నాకు తెలుసు. మధ్యమధ్య లేవాలి. లేవమని చెబితే ఎవరూ లేవరనీ తెలుసు. దానికి ఎస్తేరే ఉపాయం చెప్పింది. ఆరేళ్లు స్కూల్లో నలభై నిమిషాలకో పీరియడ్ చెప్పిన మనిషి కదా, నలభై నిమిషాలకోసారి బెల్లు వినపడినట్టే ఉంటుందట. ఆ లెక్కకే ఖాళీ అయ్యేలా, బల్ల మీది పెద్ద నీళ్ల సీసా తీసేసి చిన్న స్టీలు గ్లాసు పెట్టుకుంది. దాహం వేస్తే లేచి నడవక తప్పదు. రెండు వారాల్లో ఆ వరుసంతా సీసాలు మానేసి గ్లాసులు తెచ్చుకుంది. పని దండగ అవుతుందేమోనని రఘురాం కొన్నాళ్లు ఓ కన్నేసి ఉంచాడు. పని ఏమీ తగ్గలేదు.

మీటింగులో ఆమెను తీసెయ్యలేదు, పర్మనెంటూ చెయ్యలేదు. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. నా కాగితం చదివి రఘురాం అంతే చేయగలిగాడు. ఐదో వారానికి ఆమె పాదం మెట్టుకు తగలడం ఆగింది. పొడిగించిన గడువు ముగిసేసరికి ఉద్యోగం ఖాయమైంది. ఆ మూడు నెలల భయం మాత్రం నా వల్ల వచ్చినదే, అది తిరిగి ఇవ్వగలిగేది కాదు.

నేను బోర్డులు తీయించి, అంతస్తు మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ కొలిచాను. ఈసారి చెప్పులు, బూట్లు విప్పించి. చాలామంది చిరిగిన సాక్సులు దాచుకోలేక సిగ్గుపడ్డారు. ప్రతి ముగ్గురిలో ఒకరికి పీట కావలసి వచ్చింది. ఫారంలో పదకొండో గడి కింద చేత్తో ఒక గీత గీసి, ‘చెప్పులు విడిచి కొలిచారా?’ అని రాసుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి ఫారంలోనూ ఆ వరుస రాసి, దానికి జవాబు నింపాకే పై గడులు నింపాను.

నేను నేర్చుకున్నది ఇంతే. కొలత పద్ధతి నాకు బాగా తెలుసు, టేపు కూడా సరైనదే. నా ముందు ఒద్దికగా కూర్చున్న ఎస్తేరును రెండుసార్లు కొలిచాను. పని చేసే ఎస్తేరు ఎలా కూర్చుంటుందో రోజూ చూసినది యాదమ్మ. ఆమెను అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.